గుడ్డ కట్టిన తేనె

యానాం వెళ్ళొచ్చానంటే మా కడపలో ఎవరూ ఊరెలా ఉందని అడగరు. ముందు సంచీ వైపు చూస్తారు. చవక మందుకి ఆ ఊరికున్న పేరు అలాంటిది. బైబిలు పాఠశాలలో గ్రీకు చెప్పుకుని బతికే నాబోటివాణ్ణి కూడా వదల్లేదు. "ఏం సార్, సీసా తెచ్చినారా?" అని మా వాచ్‌మన్ కన్ను గీటాడు. దాచడమెందుకు, తెచ్చాను. బ్రాందీ సీసాయే తెచ్చాను. అందులో ఏముందో, అది చెక్‌పోస్టు ఎలా దాటిందో చెప్పాలంటే ప్రయాణమంతా చెప్పుకురావాలి.

నేను వెళ్ళింది ఒక మాట కోసం. మా పాఠశాల పిల్లల కోసం చిన్న గ్రీకు తెలుగు పదకోశం ఒకటి వేస్తోంది. మాటలన్నీ అచ్చుకి సిద్ధమైపోయాయి, ఒక్కటి తప్ప. 'అగ్రియొస్' అనే ఆ మాటకి అర్థం రాసే పని దేవసహాయం మాస్టారిది. ఆయన నాకు గ్రీకు నేర్పిన గురువు. ఎన్ని ఉత్తరాలు రాసినా "ఆలోచిస్తున్నాను" అనే జవాబే వచ్చింది. చివరికి మా ప్రిన్సిపాలుగారు వేసవి సెలవుల్లో నన్ను పిలిచి, "పోయి ఆ మాట పట్టుకుని రా" అన్నారు. పోయి పట్టుకొచ్చాను. కాకపోతే మధ్యలో, ఇంకా పుట్టని ఒక బిడ్డ నాలిక మీద పడాల్సిన మొదటి తీపిని మాస్టారూ నేనూ కలిసి పోగొట్టినంత పని చేశాం. తిరిగొచ్చాక కూడా నా మనసులో మెదిలేది ఆ సంగతే.

కాకినాడ బస్సు

రైలు గురించి చెప్పను. అందరి రైలు ప్రయాణమూ ఒకటే. కాకినాడలో దిగి, కాజాలు కొనుక్కుని, యానాం బస్సెక్కాక కళ్ళకి పని తగిలింది. మా వైపు కిటికీలోంచి చూస్తే రాళ్ళూ, తుమ్మచెట్లూ, ఎక్కడో ఒక మేకల మందా కనిపిస్తాయి. ఇక్కడ ఎటు చూసినా నీళ్ళే. కాలవ, కాలవ పక్కన చెరువు, చెరువు గట్టున కొబ్బరిచెట్లు, మళ్ళీ కాలవ. కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడే మా వీధి ఆడవాళ్ళు గుర్తొచ్చి కాస్త కుళ్ళుకున్న మాట నిజం.

పక్క సీట్లో ఒక బట్టల కొట్టాయన కూర్చున్నాడు. సొంతూరు ద్రాక్షారం అట, వ్యాపారానికి యానాం వచ్చి స్థిరపడ్డాడట. అడక్కుండానే చెప్పాడు, ఆ తరవాత నన్ను అడిగాడు.

"మీదే ఊరండి?"

"కడప నుంచి వస్తాండాను."

"అమ్మ బాబోయ్, అంత దూరవే! సమ్మంధం చూట్టానికాండి?"

"కాదప్పా. ఒక మాటకి అర్థం కనుక్కోవాల."

ఆయన నన్ను కిందనుంచి పైకి చూశాడు. "మాటకోసం కడప నించొచ్చేరా? కార్డు ముక్క రాసి పడేత్తే పోయేది కదండీ!"

అది నిజమే కాబట్టి నేను ఆయన చేతిలో ఒక కాజా పెట్టి ఊరుకున్నాను. కాసేపటికి ఆయనే మోచేత్తో పొడిచి, "ఇదిగోండి, ఇక్కణ్ణించి మాది. ఇందాకటి దాకా మీ ఆంధ్రా" అన్నాడు. చూశాను. అవే కొబ్బరిచెట్లు, అదే కాలవ, అదే తెలుగు. ఎర్ర టోపీ పెట్టుకున్న పోలీసు ఒకాయన మాత్రం కొత్తగా కనిపించాడు. "మీకు రెండ్రూపాయల బియ్యం, మాకు చవక మందు. దేవుడెవర్నీ ఒట్టి చేతుల్తో ఒదల్లేదండి. ఆయ్" అని బట్టల కొట్టాయన తీర్పు చెప్పేశాడు. ఈ 'ఆయ్' అనేది ఇక్కడివాళ్ళకి అవునూ, చిత్తమూ, ఇంక చాలూ, అన్నీను.

కనకాలపేట

మాస్టారి ఇల్లు కనకాలపేటలో, నాలుగు కొబ్బరిచెట్ల మధ్య. ఆయన యానాం కతోలిక కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే ఫాదరు కావాలని గురువిద్యకు వెళ్ళి, అక్కడ గ్రీకూ లాటినూ నేర్చి, మధ్యలో వదిలేసి పెళ్ళి చేసుకున్న మనిషి. తరవాత బతుకంతా మా పాఠశాలలోనే పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక సొంతూరు చేరారు. జుట్టు మొత్తం తెల్లబడింది గానీ గొంతు మారలేదు. గుమ్మంలోంచే, "జయరాజూ, ప్రిన్సిపాలు పంపాడా? నన్ను తొందర పెట్టడానికి వచ్చావా?" అని అరిచారు.

"ముందు కాళ్ళు కడుక్కోనివ్వండి పాపం" అన్నారు ఆయన భార్య అన్నమ్మగారు.

కాళ్ళు కడుక్కోవడానికి ఆవిడ తోడిన నీళ్ళతో మా ఇంట్లో ఇద్దరు స్నానం చేస్తారు. ఇక భోజనం సంగతి. చింతచిగురు వేసిన పచ్చిరొయ్యలు, పనసపొట్టు ఆవపెట్టిన కూర, మామిడికాయ పప్పు. నేను రాగిసంకటి మనిషిని. అన్నంలో ఇన్ని రకాలు కలుపుకోవడం అలవాటు లేక మొదట తికమకపడ్డాను, తరవాత సిగ్గుపడ్డం మానేశాను. "పులసల కాలంలో రావలసిందండి, మీ మాటా గీటా అన్నీ మర్చిపోదురు" అని అన్నమ్మగారు ఇంకో గరిటె వేశారు. ఆ దంపతులకి మా కడప 'అట్లనా' అంటే ఇష్టం. నా నోట అది వచ్చినప్పుడల్లా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు.

చెయ్యి కడుక్కోగానే మాస్టారు అరుగు మీద కూర్చోబెట్టి మొదలుపెట్టారు. గ్రీకు రాని పాఠకుల కోసం కొంచెం విడమరిచి చెబుతాను.

'అగ్రోస్' అంటే పొలం. అందులోంచి పుట్టింది 'అగ్రియొస్'. పొలానిది, బయటిది, మనిషి పెంచనిది, అంటే అడవిది. మనకిది విచిత్రంగా ఉంటుంది. మనిషి చెమట ఎక్కువగా కారే చోటు మనకి పొలమే కదా. ఆ కాలపు గ్రీకువాడికి ఊరి గోడ దాటితే అంతా పొలమే, దున్నిందీ పొలమే, దున్ననిదీ పొలమే. కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట వచ్చేది మూడేచోట్ల. రెండుచోట్ల తేనె పక్కన: అరణ్యంలో మిడతలూ తేనె తిని బతికిన ప్రవక్త సంగతి చెప్పేటప్పుడు. మూడోచోట అలల పక్కన: దారితప్పిన బోధకుల్ని సముద్రపు అలలతో పోల్చినప్పుడు. గ్రీకులో విశేషణం ఒద్దికైన కోడలిలాంటిది. పక్కనున్న నామవాచకం ఏ లింగమైతే తనూ అదే, ఏ వచనమైతే తనూ అదే. తేనె ఒకటి కాబట్టి 'మెలి అగ్రియొన్'. అలలు చాలా కాబట్టి 'క్యూమతా అగ్రియా'. మన తెలుగు విశేషణం అలా కదలదు. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకాలు. 'మంచి' రాయిలా కూర్చుంటుంది.

"ఇంతవరకూ మీరు క్లాసులో చెప్పిందే కదండీ. చిక్కెక్కడ?" అన్నాను.

"అడవి తేనె అంటావు. బానే ఉంది. అడవి అల అనగలవా? ప్రచండమైన అల అంటావు. ప్రచండమైన తేనె అనగలవా? గ్రీకువాడికి రెంటికీ ఒకటే మాట. నాకూ ఒకటే కావాలి." ఆయన కళ్ళు మెరిశాయి. "ఇప్పటికి ఒకటి దొరికింది. 'ఎవరిదీ కానిది.' తేనెకీ సరిపోతుంది, అలకీ సరిపోతుంది. కానీ చూసి, ముట్టుకుని, అవునా కాదా అనుకుని మరీ రాస్తాను. రేపు పడవ మాట్లాడాను. మడ అడవిలో తేనె, మొగ దగ్గర అలలు. ప్రపంచంలో రెండూ ఒక్క పూటలో చూడగలిగే ఊరు మాది."

మొగ అంటే గోదావరి సముద్రంలో కలిసే చోటు. అన్నమ్మగారు లోపల్నుంచి, "ఈయనకి ఈదడం రాదు. మీకొచ్చా బాబూ?" అని అడిగారు. రాదన్నాను. "బావుందండి" అన్నారావిడ.

మడ అడవి

మర్నాడు ఉదయం దరియాలతిప్ప నుంచి సత్తిబాబు పడవలో బయల్దేరాం. నీళ్ళు సముద్రం వైపు తీస్తున్నాయి. దాన్ని వీళ్ళు 'పాటు' అంటారు, తిరిగి నీళ్ళు ఎక్కితే 'పోటు'. బస్సు టైముల్ని మనం ఎలా చెప్పుకుంటామో వీళ్ళు ఆ రెంటినీ అలా చెప్పుకుంటారు. సత్తిబాబు గెడ వేస్తూ, దారిలో కొన్న తాటిముంజలు వేలితో పొడుచుకుని తినమని మాకిచ్చాడు. నేను పొడిస్తే నీళ్ళన్నీ చొక్కా మీద పడ్డాయి.

పాయలు సన్నబడే కొద్దీ రెండు పక్కలా మడచెట్లు దగ్గరకొచ్చాయి. ఉప్పునీళ్ళలో నిలబడి పచ్చగా ఉండే చెట్లని నేను చూడ్డం అదే మొదలు. మా ఊళ్ళో మంచినీళ్ళు పోసినా ఎండిపోతాయి. ఒక మలుపులో మాస్టారు పడవ ఆపించారు. "దిగు, దిగు! అదిగో!"

మోకాటి లోతు బురదలో దిగాం. సత్తిబాబు పడవ బురదలో కూరుకుపోకుండా వెనక్కి తోసుకుంటూ ఉండిపోయాడు. చెయ్యెత్తితే అందే ఎత్తులో, ఒక సన్నటి కొమ్మని చుట్టుకుని అరచెయ్యంత తేనెపట్టు ఉంది. చిన్న ఈగలు, జుంటి ఈగలు. పట్టు పైభాగం తేనెతో ఉబ్బి ఉంది. దానికి జానెడు కింద, అదే కొమ్మకి ఒక పాత గుడ్డ పేలిక వేలాడుతోంది. నేను చూశాను, మాస్టారూ చూశారు. ఇద్దరం పోటుకి కొట్టుకొచ్చిన చెత్త అనుకున్నాం.

"మెలి అగ్రియొన్" అన్నారు మాస్టారు చెయ్యి చాచి. అచ్చం క్లాసులో నిలబడ్డట్టే ఉన్నారు. "చూడు జయరాజూ. ఎవడు నాటాడు? ఎవడు నీళ్ళు పోశాడు? ఎవడు కాపలా ఉన్నాడు? ఎవరిదీ కాదు! దీని మీద మనిషి చెయ్యి పడ్డ గుర్తే లేదు..."

నేను ఇంకా బాగా చూద్దామని అడుగు ముందుకేశాను. మడచెట్ల వేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి లేచి ఉంటాయి. ఒకటి పాదంలో దిగింది. అరిచాను. నెత్తురు చూసి మాస్టారి పాఠం ఆగిపోయింది. జేబురుమాలు పడవలో ఉంది. ఆయన అటూ ఇటూ చూసి, గబగబా ఆ గుడ్డ ముడి విప్పి, నా పాదానికి గట్టిగా చుట్టి కట్టారు. "ఎవరిదీ కాదు" అన్న నోరు ఇంకా పూర్తిగా మూతపడకుండానే ఆ పని చేశారు.

సత్తిబాబు నా కాలు చూసి అయ్యో అన్నాడు గానీ, బురదలో ఆ గుడ్డ రంగు తెలిసే పరిస్థితి లేదు.

మొగ

అలలు చూడకుండా తిరిగెళ్ళడానికి మాస్టారు ఒప్పుకోలేదు. నది విశాలమైంది. దూరంగా తెల్లటి గీత, దాని చప్పుడు. "ఇంక ముందుకి ఎల్లకూడదండి" అన్నాడు సత్తిబాబు. "ఇంకొంచెం నాయనా" అన్నారు మాస్టారు. ఆ కొంచెమే మా కొంప ముంచింది. గోదావరి ఇటు తోస్తోంది, సముద్రం అటు తోస్తోంది. రెండూ కలిసిన చోట నీళ్ళు ఎటు లేస్తాయో ఎవరికీ తెలీదు. పక్కనుంచి ఒక అల లేచి మా ముగ్గురినీ, మిగిలిన ముంజల్నీ, అన్నమ్మగారు కట్టిచ్చిన పులిహోరనీ ముంచేసి వెళ్ళింది. నేను పడవ అంచు పట్టుకుని, నాకు తెలిసిన ప్రార్థనలన్నీ ఒకేసారి మొదలుపెట్టాను. మాస్టారు మాత్రం కళ్ళజోడు మీద నీళ్ళు కారుతుండగా, చిన్నపిల్లాడిలా, "అగ్రియా! అగ్రియా!" అని కేకలు పెట్టారు.

"ఏటండీ, ఎవర్ని పిలుత్నారు?" అని సత్తిబాబు కంగారుపడ్డాడు.

భయం తీరాక నాకు చెప్పలేనంత ఆనందం కలిగింది. బట్టలు ఉప్పుతో బిగుసుకుపోయాయి, కాలు చురుక్కుమంటోంది. అయినా అంత హాయిగా నేను ఎప్పుడు కూర్చున్నానో గుర్తు లేదు. ఆ అల నా పాదం మీది బురదంతా కడిగేసింది. ఊదారంగు గుడ్డ, పసుపు అంచు. బాగుందే అనుకున్నాను. సత్తిబాబు చూపంతా గెడ మీదా నీళ్ళ మీదా ఉంది.

దరియాలతిప్ప

ఒడ్డుకి వచ్చేసరికి మధ్యాహ్నం వాలిపోయింది. ఇసక మీద చేపలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్ళలో ఒకావిడ, నేను కుంటుతూ నడిచి వస్తుంటే చేతిలో చేట కిందపెట్టి లేచింది. పేరు నూకరత్నం అని తరవాత తెలిసింది. ఆవిడ నా మొహం చూడలేదు. కాలే చూసింది.

"అయ్యగోరూ, ఆ గుడ్డ మీకెక్కడిదండి?"

మాస్టారు ఉత్సాహంగా చెప్పారు: పట్టు ఎక్కడుంది, నా కాలికి ఏమైంది, గుడ్డ ఎలా అక్కరకొచ్చింది. చెబుతున్న కొద్దీ ఆవిడ మొహం పాలిపోయింది. సత్తిబాబు తల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అది నా సీరండి" అంది నూకరత్నం. "ఆ పట్టు నాదండి."

ఈ తీరంలో ఒక కట్టుబాటు ఉంది. మడలో తేనెపట్టు ఎవరి కంటపడితే వాళ్ళు తమ పాత చీరదో, లుంగీదో పేలిక చింపి ఆ కొమ్మకి కడతారు. ఇంక అది వాళ్ళది. కాపలా అక్కర్లేదు, ఎన్నాళ్ళయినా ఎవరూ ముట్టరు. ఎవరి గుడ్డ ఏదో వాడలో అందరికీ తెలుసు. గుడ్డ లేని పట్టు ముందు చూసినవాళ్ళది. మాస్టారు చిన్నప్పుడే చదువుకని ఊరు దాటిపోయారు, నేను కడపవాణ్ణి. ఇద్దరికీ తెలీదు.

"మా పిల్ల లచ్చిమికి నెలలు నిండినాయండి. ఇయాలో రేపో" అంది. "బిడ్డ పుట్టగానే మడ తేనే నాలిక మీద రాయాలండి. ఉప్పునీళ్ళ మీద పుట్టిన తీపి. అది నాకితే సముద్రానికి బెదరరంటారు. మా మావకి రాసేరు, మా ఆయనకి రాసేరు, దీనికీ నేనే రాసేను. పది దినాల్నించి ఆ పట్టు నిండాలని సూత్తన్నాను. ఇప్పుడెవరి కళ్ళబడిందో!"

"ఇప్పుడే వెళ్దాం" అన్నారు మాస్టారు.

"పోటెక్కిపోయిందండి. పొద్దున్న పాటుకే."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. చేట తీసుకుని మళ్ళీ చేపల దగ్గర కూర్చుంది గానీ చేతులు కదలడం లేదు. ఆ సాయంత్రం మాస్టారు భోజనానికి లేవలేదు. అన్నమ్మగారు నా కాలికి పసుపు పెట్టి వేరే కట్టు కట్టి, ఆ పేలికని సబ్బుతో ఉతికి దండెం మీద ఆరేశారు. "గ్రీకులో చుక్కలూ గీతలూ కూడా కనపడతాయి ఈయనకి. కళ్ళెదురుగా వేలాడే గుడ్డ కనపళ్ళేదు" అన్నారు. మాస్టారు దండెం మీది పేలిక వంకే చూస్తూ కూర్చున్నారు. ఆవిడకి జాలేసినట్టుంది, పెరుగన్నం కలిపి తెచ్చి చేతిలో పెట్టి పక్కనే కూర్చున్నారు.

గళ్ళ లుంగీ ముక్క

పొద్దున్న పడవలో సత్తిబాబు, మేమిద్దరం, నూకరత్నం. ఉతికిన పేలిక ఆవిడ కొంగున ముడివేసుకుంది. మలుపు తిరిగాం. పట్టు ఉంది! మాస్టారు "ప్రభువా" అన్నారు. నేను పొంగిపోయాను. నూకరత్నం మాత్రం పడవలోంచి కదల్లేదు.

కొమ్మకి ఇంకో గుడ్డ కట్టి ఉంది. నీలం గళ్ళ లుంగీ ముక్క.

"పోలయ్యది" అంది.

"పరవాలేదమ్మా, మీదే కదా ముందు. విప్పి మీది కట్టుకోండి" అన్నాను నేను.

ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. "అదెలాగండీ? నా గుడ్డ లేనప్పుడు కట్టేడు. ఆడిది తప్పు కాదు. నేనిప్పితే నాది తప్పు." కూతురి పురుడు వాకిట్లో ఉంది, పట్టు చేతికందే దూరంలో ఉంది. అయినా ఆవిడ చెయ్యి చాచలేదు.

అదృష్టం ఏమిటంటే పోలయ్య దూరంగా లేడు. అదే పాయలో పై మలుపు దగ్గర పీతల బుట్టలు ఎత్తుకుంటున్నాడు. సత్తిబాబు కేకేస్తే తన చిన్న పడవ తోసుకుంటూ వచ్చాడు. ఎండకి నల్లబడ్డ ముసలివాడు, నోట్లో చుట్ట. సంగతంతా విన్నాడు. మాస్టారు తనే ముందుకొచ్చి, "తప్పు నాది నాయనా. తెలీక విప్పాను" అన్నారు.

"ఆయ్" అన్నాడు పోలయ్య. చాలాసేపు పట్టు వంక చూశాడు. యానాంలో ఒక ఆయుర్వేదం డాక్టరుగారికి మడ తేనె తెస్తానని మాటిచ్చాడట. ఆ మాటా, ఈ పురుడూ ఆయన లోపల తూగుతున్నట్టు తెలుస్తూనే ఉంది. నూకరత్నం బతిమాలలేదు. పీతలు బుట్టలో గీరుకుంటున్న చప్పుడొక్కటే వినపడుతోంది.

"లచ్చిమికా? మొదటి కానుపా?" అన్నాడు చివరికి.

"ఊఁ" అంది నూకరత్నం.

"డాట్రుగోరికి ఇంకోటి సూత్తాన్లే. తీసుకో" అని చుట్ట తీశాడు. "కానీ నే కట్టింది నేనిప్పను. సొంత కట్టు ఇప్పుకున్నోడికి మళ్ళీ పట్టు కనపడదంటారు. నువ్వూ ఇప్పకూడదు." మాస్టారి వైపు తిరిగాడు. "ఇప్పే సెయ్యి ఒకటి ఎలాగూ ఉంది కదా. మాస్టారుగోరూ, మీరే ఇప్పండి. ఈసారి నే సెబుతున్నాను కాబట్టి ఇప్పండి."

సత్తిబాబు పగలబడి నవ్వాడు. నూకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మాస్టారు బురదలో దిగి, గ్రీకు అక్షరాలు దిద్దించిన ఆ వేళ్ళతో, లుంగీ ముక్క ముడి మెల్లగా విప్పారు. విప్పిన ముక్కని మడతపెట్టి రెండు చేతులతో పోలయ్యకిచ్చారు. నూకరత్నం తన ఊదా పేలిక కొమ్మకి కట్టింది. ఎలాగూ కోసేసేదానికి ఇంక గుడ్డెందుకని నేను అడగబోయి ఊరుకున్నాను. అప్పుడు పోలయ్యే ఈగల మీద చుట్ట పొగ ఊదాడు. అవి నల్లటి తెరలా పక్కకి జరిగాయి. తేనె భాగం కోసి ఆవిడ గిన్నెలో పెట్టాడు.

తిరుగు దారిలో మాస్టారు తనలో తను నవ్వుకుంటూ కూర్చున్నారు. "ఏమిటండీ?" అన్నాను.

"ఎవరిదీ కాదని నేను ఉపన్యాసం ఇస్తున్నంతసేపూ అది నా చెవి పక్కనే వేలాడుతోందోయ్" అన్నారు.

పురుడు

ఆ రాత్రి గడిచి తెల్లవారేసరికి సత్తిబాబు కబురు తెచ్చాడు. ఆడపిల్ల. మా ఇద్దర్నీ రమ్మన్నారట. నేను మొహమాటపడ్డాను. మా వైపు పురిటింటికి పరాయి మగవాళ్ళు వెళ్ళరు. "ఇక్కడా ఎళ్ళరండి. గుమ్మం దాకా ఎళ్ళొచ్చు" అన్నారు అన్నమ్మగారు.

గుమ్మంలో నిలబడ్డాం. నూకరత్నం బిడ్డని పొత్తిళ్ళలో ఎత్తుకుని వెలుతుర్లోకి తెచ్చింది. వేలి కొసకి తేనె అద్ది నాలిక మీద రాసింది. బిడ్డ మొహమంతా ముడతలు పడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నాలిక ఒకసారి బయటపెట్టి, ఇంకా ఉందా అన్నట్టు చప్పరించింది. లోపల్నుంచి లచ్చిమి నీరసంగా నవ్వింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ఇంటికి మా వల్ల తక్కువైంది ఏమీ లేదని తెలిశాక నాకు ప్రాణం లేచొచ్చింది.

బయల్దేరబోతుంటే నూకరత్నం ఒక సీసా తెచ్చింది. ఇంట్లో దొరికిన ఖాళీ బ్రాందీ సీసా. అడుగున రెండు వేళ్ళ మందం తేనె. సీసా మెడకి అదే ఊదారంగు చీరలోంచి చింపిన ఇంకో పేలిక, పసుపు అంచు బయటికి కనపడేలా కట్టి ఉంది.

"కడపదాకా ఎల్లాలి కదండీ. గుడ్డ ఉంటే ఎవరూ ముట్టరు" అంది.

బస్సు దగ్గర మాస్టారు పదకోశం కాగితం అడిగి, నిలబడే రాశారు. అగ్రియొస్: మనిషి నాటనిది, పెంచనిది. తేనె పక్కన అడవి అనాలి, అలల పక్కన ప్రచండమైన అనాలి. ఒకే మాట కోసం ఆయన ఇన్నాళ్ళు పట్టిన పట్టు ఏమైందని అడిగాను. "అది ఒంటరిగా ఉండే మాట కాదోయ్. పక్కన ఏముందో చూసి చెప్పాలి. వ్యాకరణం మొదటి రోజే చెప్పింది, నేనే వినలేదు" అన్నారు. మళ్ళీ కాగితం లాక్కుని చూసి, "ఆ 'ఎవరిదీ కానిది' మాత్రం ఎక్కడా రానివ్వకు" అన్నారు.

చెక్‌పోస్టు

యానాం దాటిందో లేదో బస్సు ఆగింది. ఎక్సైజు వాళ్ళెక్కారు. ముందు సీటాయన బియ్యం సంచీలోంచి రెండు సీసాలు పైకొచ్చాయి. ఇంకొకాయన పనసకాయ బుట్టలోంచి ఒకటి. దొరికినవాళ్ళూ, దొరకనివాళ్ళూ అందరూ నవ్వుతున్నారు, ఇదంతా రోజూ ఉండేదే కాబోలు. నా వంతు వచ్చింది. కానిస్టేబులు సంచీ తెరిచాడు. గ్రీకు నిబంధన, దాని మీద బ్రాందీ సీసా.

"ఇదేంటండి సార్?"

"తేనె" అన్నాను.

"అందరిదీ తేనేనండి!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. బస్సంతా గొల్లుమంది. నా చెవులు కాలిపోయాయి. కానిస్టేబులు మూత తిప్పబోయాడు. పేలిక వేలికి తగిలింది. వంగి ముడి చూశాడు, అంచు చూశాడు. మూత మీదనుంచి చెయ్యి తీసేశాడు.

"ఎవరిదండి?"

నాకిచ్చేశారు కాబట్టి నాదని చెప్పొచ్చు. కానీ నోటికి వచ్చింది అది కాదు. "దరియాలతిప్ప నూకరత్నంగారిది" అన్నాను.

"మాదీ మడ పక్క ఊరేనండి" అని, సీసాని గ్రీకు నిబంధన పక్కన ఒరగకుండా పెట్టి, సంచీ మూసి, అతను వెనక సీటు కింద వెతకడానికి వంగాడు.